ముగ్గులు లెక్కపెట్టి రాసిన జనాభా

మా సందు చరిత్ర రాయమని నన్ను అడిగినప్పుడు, నా పాండిత్యం చూసి అడిగారనుకుని తెగ మురిసిపోయాను. తర్వాత తెలిసింది, సందు మొత్తం మీద ఫోన్లో తెలుగు టైపు చేయడం వచ్చింది నాకొక్కడికేనట. కలకత్తా పక్కన లిలువా రైల్వే వర్క్‌షాపు గోడ వెనక మూడు తరాలుగా ఉంటున్న ఈ కుటుంబాల్లో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో బెంగాలీ, హిందీ చదువుకుంటారు. నేను విజయవాడ నుంచి వచ్చి రెండేళ్ళయింది. ఉద్యోగం సాల్ట్ లేక్‌లో, అద్దె గది ఇక్కడ. పొద్దున్నే లోకల్ ఎక్కి హౌరా, అక్కణ్ణుంచి మెట్రో. అంత దూరం ఎందుకుంటున్నావని ఆఫీసులో ఎవరైనా అడిగితే, మనవాళ్ళ మధ్య ఉండాలని చెప్పేవాణ్ణి. ఆ మనవాళ్ళలో నాతో నాలుగు మాటలు మాట్లాడేది సందు మొగలో ఇడ్లీలు అమ్మే ఆవిడ మాత్రమే.

శ్రీరామనవమి పందిరి వేయించే పెద్ద ఒక రిటైర్డ్ ఫిట్టరు. తెలుగువాళ్ళూ బెంగాలీలూ అందరూ ఆయన్ని దాదా, అంటే అన్నయ్య, అంటారు. ఈసారి పందిట్లో పంచడానికి చిన్న పుస్తకం వేయాలని, అందులో మన సందు గురించి నాలుగు పేజీలుండాలని ఆయన కోరిక. ఎక్కడున్నాం, ఎప్పుడొచ్చాం, ఎంతమందిమి ఉన్నాం, అంతే రాయమన్నాడు. నేను వెంటనే భౌగోళికం, చరిత్ర, జనాభా అని మూడు శీర్షికలు పెట్టి, కింద గీతలు గీసి, సగం పని అయిపోయిన వాడిలా టీ తాగాను.

భౌగోళికం తేలిగ్గానే తెమిలింది. ఒకవైపు గోడ, ఒకవైపు చెరువు, మధ్యలో మేము. ఫోన్లో దిక్సూచి పెట్టి చూసి, చెరువు సందుకి ఉత్తరాన ఉందని రాశాను. దాదా అది చదివి, వానాకాలంలో చెరువు సందులోనే ఉంటుందని దిద్దాడు.

చరిత్ర దగ్గర ఇబ్బంది వచ్చింది. అందరి పెద్దలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్ళే. కొందరు షాలిమార్ గూడ్సు యార్డులో మూటలు మోసి ఇటు వచ్చారు, కొందరు ఓడరేవు డాకుల్లో చేసి వచ్చారు. అయితే అడిగిన ప్రతివాళ్ళూ తమ తాతే అందరికన్నా ముందొచ్చాడన్నారు. నా కాగితం మీద ఎనిమిదిమంది మొదటివాళ్ళు తేలారు. ఆ ఎనిమిది ఇళ్ళవాళ్ళూ చివర్లో మాత్రం ఒకే మాట చెప్పారు. గోడ చివరింటి పెద్దాయన ఉంటే అన్నీ చెప్పేవాడు, ఆయన పోయి నాలుగు నెలలైంది, ఇంట్లో మామ్మగారున్నారు, వెళ్ళి అడగమన్నారు.

నేను వెళ్ళలేదు. చెప్పగలిగిన మనిషే లేనప్పుడు వెళ్ళి ఏం లాభం అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆయన పోయిన రోజు పొద్దున నాకు ఆఫీసులో ఏదో మీటింగు. ఆ ఇంటి ముందు జనాన్ని చూసి, చెరువు పక్క దారిన చుట్టూ తిరిగి స్టేషనుకి వెళ్ళాను. ఆ ఇల్లు నా గదికి ఆరో గుమ్మం. తర్వాత పలకరించడానికి వెళ్దామనుకుంటూనే రోజులు గడిచాయి, గడిచినకొద్దీ మొహం చెల్లలేదు.

ఇక జనాభా. ఇంటింటికీ వెళ్తే టీ తాగమంటారు, పెళ్ళెప్పుడంటారు. అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. ఆదివారం తెల్లవారాక సందులో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, ఏ గుమ్మం ముందు ముగ్గుందో చూసి లెక్కపెట్టాను. ముగ్గు ఉంటే తెలుగిల్లు, లేకపోతే కాదు. ఇరవై నిమిషాల్లో జనాభా లెక్కలు పూర్తి! ఈ తెలివితేటల గురించి ఆఫీసులో ఇద్దరికి చెప్పాను కూడా.

మరుసటి ఆదివారం దాదా తన అరుగు మీద అందరినీ కూర్చోబెట్టి నాచేత చదివించాడు. గొంతు సవరించుకుని, నా గదితో కలిపి మొత్తం ముప్పై రెండు తెలుగు కుటుంబాలని చదివాను. ఆ ఇళ్ళేవో చెప్పమన్నారు. వరసగా చెప్పుకుపోతుంటే, టైలరు కొట్టు పెట్టుకున్న బెంగాలీ ఆయన లేచి, తాను ఎప్పటి నుంచి తెలుగువాడయ్యాడో చెప్పమని నవ్వుతూ అడిగాడు. అందరూ విరగబడి నవ్వారు. వాళ్ళావిడ ముగ్గులు నేర్చుకుందట. పెద్ద సర్వేల్లో కూడా ఇలాంటి పొరపాట్లుంటాయని నేనూ నవ్వేశాను.

అప్పుడు వెనక గోడకి ఆనుకుని కూర్చున్న ఒకావిడ అడిగింది. గోడ చివరింటి మామ్మగారు ఆవిడే.

"మా ఇల్లు సదవనేదేటి, బాబూ?"

మీ గుమ్మంలో ముగ్గు కనబడలేదండీ అన్నాను. అంటుండగానే నాకు తెలిసిపోయింది. మా తాతయ్య పోయినప్పుడు మా అమ్మ ఏడాదిపాటు వాకిట్లో చుక్క పెట్టలేదు. రోజూ బడికి వెళ్తూ ఆ బోసి వాకిలి దాటినవాణ్ణే. ఆ ఆచారం అక్కడ కూర్చున్న చిన్న పిల్లకి కూడా తెలుసు.

"ఏడాది తిరిగేదాకా ఎయ్యకూడదు గదా," అంది మామ్మగారు, నాకు కాకుండా పక్కావిడకి చెబుతున్నట్టు. తర్వాత నావైపు తిరిగింది. "ముగ్గు నేకపోతే మనుసులు నేరనుకున్నావేటి? మరి నీ గుమ్మంలో ముగ్గేది? నిన్ను నువ్వు ఎలగ లెక్కెట్టుకున్నావు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. దాదా కాగితాలు నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, పుస్తకం అచ్చుకి వెళ్ళడానికి ఇంకా వారం ఉందన్నాడు.

మర్నాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. మామ్మగారు పీట వేసి కూర్చోమంది. పెద్దాయనకి అన్నీ తెలుసని సందంతా అనుకుంటుంది గానీ, తెలిసింది ఈవిడకి. కొత్తగా ఎవరొచ్చినా మొదటి పూట అన్నం ఈ ఇంట్లోనే తినేవారట. ఆయన స్టేషనుకి వెళ్ళి తీసుకొచ్చేవాడు, ఈవిడ వండి పెట్టేది. ఎవరు ముందొచ్చారో, ఎవరు తర్వాతో, ఎవరు పప్పులో కారం ఎక్కువైందని వంక పెట్టారో అన్నీ గుర్తున్నాయి. తమకంటే ముందు రెండిళ్ళు ఉండేవని కూడా ఆవిడే చెప్పింది. ఆయనే మొదటివాడని రాయించుకుంటుందేమోనని అప్పటిదాకా భయపడుతూనే ఉన్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే, ఆయన స్టేషనుకి వెళ్ళి తీసుకొచ్చేవాడన్న మాట పుస్తకంలో ఉండాలని. రాశాను.

తర్వాత వేళ్ళ కణుపుల మీద బొటనవేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ, గోడ చివర నుంచి ఒక్కొక్క గడపే చెప్పింది. టైలరు ఇల్లు కొట్టేయబోతే వారించింది. ఆ ఇంటావిడ ముగ్గులు తన దగ్గరే నేర్చుకుంది, ఉండనీ అంది. ఆవిడ చెబుతూ వచ్చి వచ్చి ఆరో గుమ్మం దగ్గర ఆగింది. నేను పెన్ను పట్టుకుని తల వంచుకున్నాను.

"ఈ గదిలో ఒక కుర్రోడు. ఇజీవాడ నుంచి వొచ్చి రెండేళ్ళు. మా ఆయన పోయినప్పుడు రానేదు," అంది, మిగతా ఇళ్ళ గురించి చెప్పిన గొంతుతోనే. "రాసుకో."

రాసుకున్నాను. నవమికి పుస్తకం బాగానే వచ్చింది, దాదా అందరికీ తనే పంచాడు. మామ్మగారు చెప్పిన ఇళ్ళన్నీ అందులో ఉన్నాయి. నా గుమ్మం దగ్గర చివరి వాక్యాన్ని మాత్రం, చోటు చాలలేదని చెప్పి, తీసేశాను.