వస్తానండీ అన్న మనిషి

1956లో కొల్లేటి లంకలకు దగ్గరగా ఓ చిన్న ఆరోగ్య కేంద్రం ఉండేది. పరాయి దేశపు సేవాసంఘం ఒకటి దాన్ని నడిపేది. ఏలూరులో చదువు ముగించి నేనక్కడ వాలంటీరుగా చేరాను. పొద్దున్నే సిరంజీలు మరగబెట్టడం, పిల్లలకు పాలపొడి కలిపి పోయడం, ఆ తరువాత రోజంతా ఎల్సా గారి పక్కన నిలబడి ఆవిడ మాట లంకవాళ్ళకూ, వాళ్ళ మాట ఆవిడకూ చెప్పడం నా పని. ఎల్సా గారు నర్సు. తెలుగు నేర్చుకోవాలని ఆవిడకు మహా పట్టుదల. ఆ తెలుగు వింటే నాకు నవ్వాగేది కాదు.

ఒకనాడు నాగమ్మ అనే నిండు గర్భిణి వచ్చింది. చేపలవేట వాళ్ళ కోడలు, తొలిచూలు. కాళ్ళూ మొహమూ వాచిపోయాయి, బీపీ బాగా ఎక్కువగా ఉంది. దాన్ని టాక్సీమియా అనేవాళ్ళం. అశ్రద్ధ చేస్తే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం. వెంటనే చేరమన్నాం. "మా అత్తనడగాలండి" అని లేచి, గుమ్మం దగ్గర "వత్తానండి" అని వెళ్ళిపోయింది.

మరునాడు ఎల్సా గారు మంచం సిద్ధం చేయించి, సాయంత్రం దాకా గుమ్మం వైపే చూశారు. "వస్తానంది కదా?" అన్నారు.

"అది వెళ్తున్నానని చెప్పడమండీ. వెళ్తానంటే అపశకునమని మావాళ్ళు అలా అంటారు" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. "నేను నిజమనుకున్నాను. రేపు మనమే వెళ్ళి నిజం చేద్దాం" అన్నారు.

తెల్లవారాక దోనెలో వెళ్ళాం. నాగమ్మ అత్తగారు అరుగు మీద వల బాగుచేసుకుంటోంది.

"నాగమ్మ వస్తానన్నారు" అన్నారు ఎల్సా గారు, తెలుగులోనే.

"అది మాటవరసకండి. మగోళ్ళంతా వేటకెళ్ళారు. పిల్లనొక్కద్దాన్నీ ఆసుపత్రిలో ఎలా వదిలేత్తామండి?"

నాకు మెత్తగా చెప్పాలనిపించలేదు. "ఫిట్స్ వచ్చాక తీసుకొస్తే మేం చేయగలిగింది ఉండదండీ. కోడలు దక్కాలంటే ఇప్పుడే పంపండి. నేను దగ్గరుంటాను" అన్నాను.

ఆవిడ వల పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. "ఉంటానంటున్నారు. ఇదీ మాటవరసకేనాండి?"

ఆ ప్రశ్న సూటిగా తగిలింది. "కాదండీ" అన్నాను.

ఆ పూటే నాగమ్మను దోనెలో కేంద్రానికి తీసుకొచ్చాం. కాన్పు అయ్యేదాకా నేను ఇంటి మొహం చూడలేదు. నాన్నగారు మనిషిని పంపినా కదల్లేదు. నాగమ్మకు చప్పిడి తిండి, పూర్తి విశ్రాంతి, మాటిమాటికీ బీపీ చూడడం. కళ్ళు మసకలేస్తున్నాయని ఆమె అన్నప్పుడల్లా పరుగున వెళ్ళి ఎల్సా గారిని పిలుచుకొచ్చేదాన్ని. చివరికి మగపిల్లవాడు పుట్టాడు. ఇద్దరూ దక్కారు. నేను పక్కగదిలోకి వెళ్ళి కరువుదీరా ఏడ్చాను.

ఇంటికెళ్ళే రోజున నాగమ్మ గుమ్మం దగ్గర ఆగింది. "వత్తా" అనబోయి, ఎల్సా గారిని చూసి నవ్వేసింది. "బుధవారం వత్తానండి. బాబుని చూపిత్తాను."

బుధవారం వాన దంచుతోంది. అయినా దోనె వచ్చింది.

తరువాత నేనూ నర్సునయ్యాను. వస్తానని లేచిన రోగిని "ఎప్పుడండీ?" అని అడగందే ఏనాడూ పంపలేదు. ఉంటానని నేను మాటిచ్చిన మంచం దగ్గర నుంచి మధ్యలో లేచి ఇంటికి వెళ్ళిందీ లేదు.