ముందు తాగే వరమ్మ

గండికోటకు పోయే దారిలో ఒక గుట్ట మీద ఇప్పుడు ఇరవై ఇళ్లున్నాయి. పేరు మాత్రం పదకొండిళ్ల గుట్టే. మావారిది ఆ ఊరు. మూడేళ్ల మా పాప స్తుతిని చంకనేసుకుని కిందటి జూన్‌లో నేనూ అక్కడికి కాపురానికి వచ్చాను.

గుట్టకు బోరు లేదు. బండల మధ్య దోనలో నిలిచిన వాననీటిని పైపుతో సిమెంటు తొట్టిలోకి దించుకుంటారు. తొట్టి మూతకు తాళం. ఆ తాళం చెవి వరమ్మ దగ్గరుంటుంది. డెబ్బై దాటిన మనిషి. తెల్లారగానే మూత తీసి, అందరి ముందూ ఒక చెంబు నీళ్లు తాగి, చర్చి గోడ మీదికి ఎండ పాకేదాకా అక్కడే కూర్చుంటుంది. ఆ తర్వాతే ఎవరైనా బిందె ముంచాలి. ఎందుకని అడిగితే అందరూ మాట దాటేశారు.

ఆగస్టు వానలకు నీళ్లు ఎర్రగా దిగాయి. స్తుతికి విరేచనాలు పట్టుకున్నాయి. మర్నాడు అందరికంటే ముందు వెళ్లాను. వరమ్మ రాతి మీద ఏదో గింజ అరగదీసి ఆ గంధం తొట్టిలో కలుపుతోంది.

“ఏందవ్వా అది?”

“చిల్లగింజ. బురద కిందికి దిగుతాది.”

నేను కెమిస్ట్రీ చదివాను. ఫోనులో చూస్తే చిల్లగింజ ముష్టిగింజకు దగ్గరి చుట్టమని ఉంది. ముష్టిగింజలో ఉండేది ప్రాణం తీసే విషం. మిగతాది చదవలేదు. రెండు గింజలూ సీసాడు నీళ్లూ పరీక్ష చేయమని కడపలో మా కాలేజీ మేడమ్‌కి పంపి, తొట్టి దగ్గర అందరికీ వినపడేలా చెప్పాను. “ఈ నీళ్లు తాగొద్దండి. అవ్వ విషపు గింజ కలుపుతాంది.”

పక్కింటి విశ్వాసమ్మ నవ్వింది. “నలభై ఏండ్లుగా తాగుతాండాం, సావు రాలే. శానా గట్టోళ్లం పాపా మేము!”

వరమ్మ నవ్వలేదు. స్తుతిని చూస్తూ చెప్పింది. “నా కొడుకు గాబ్రియేలు ఇంతే ఉండె. కింద ఊర్లో మా బావిలో ఎవురో పురుగులమందు పోసినారు. వాడు ముందు తాగినాడు. పదకొండిండ్లోళ్లం గుట్టెక్కినాం. పోసినోడు మాతోపాటు ఎక్కలేదని ఎట్ల చెప్పల్ల? అందుకే తాళం. అందుకే ముందు నేను తాగేది.”

విశ్వాసమ్మ తల తిప్పుకుంది.

నాలుగో రోజు మేడమ్ ఫోన్ చేసింది. గింజలో విషం లేదు, నీళ్లలోనే క్రిములున్నాయి, కాచి తాగాలి. అదే తొట్టి దగ్గర నా తప్పు ఒప్పుకుని, ఆ మాటా చెప్పాను.

వరమ్మ తొట్టిలోకి వంగి చూసింది. “నేను తాగి కూసుంటే నాకేం కాలే. బాగుండాయనుకుంటి. పాపకు ఇవే పడలేదన్నమాట.” తర్వాత ఇరవై ఇళ్లవాళ్లనూ పిలిచి, పొంగేదాకా కాచనిదే పిల్లలకు చుక్క పట్టొద్దంది. ఇక నా వైపు తిరిగింది. “రేప్పొద్దున్నించి నువ్వూ రా. నేను తాగేటప్పుడు ఒకరు నన్ను కనిపెట్టుకోనుండల్ల. నా తప్పు చెప్పేకి వీళ్లంతా మొగమాటపడతారు. నీకు అది లేదు.”

మర్నాడు వెళ్లి ఆమెకు ఎదురుగా కూర్చున్నాను. స్తుతి నా ఒళ్లో కాచి చల్లార్చిన నీళ్లు తాగుతోంది.