మొక్కలోనే చెట్టును చూసిన వరహాలమ్మ గారు

గొర్లె వరహాలమ్మ గారు ఇక లేరు. ఈ వాక్యం రాసి చాలాసేపు దానికేసి చూస్తూ కూర్చున్నాను. అక్షరాలు సరిగానే ఉన్నాయి. అర్థం మాత్రం లోపలికి దిగడం లేదు.

పోయిన మంగళవారం ఉదయం ఆవిడ మొక్కలు ఎంచడానికి ఒక నర్సరీకి వెళ్ళారు. ఎండ ఎక్కువగా ఉందని కుర్చీ అడిగి, నీడలో కూర్చున్నారట. మళ్ళీ లేవలేదు. గుండె ఆగిపోయిందని వైద్యులు చెప్పారు. ఆ కబురు నాకు ఆవిడ కూతురు లత ఫోనులో చెప్పింది. అప్పుడు నేను సింగపూరు సైన్స్ పార్కులో ఒక ఆఫీసు భవనం ముందు, చెట్లు నాటడానికి తవ్విన గుంతలు కొలుస్తున్నాను.

"అక్కా, అమ్మ పోయింది" అంది లత.

"సరే" అన్నాను. అలాంటి మాటకు సరే అని ఎవరైనా బదులిస్తారా? నేను ఇచ్చాను. ఫోను జేబులో పెట్టుకుని, చేతిలో ఉన్న టేపుతో గుంత లోతు చూసి, ఇంకో జానెడు తవ్వమని పనివాళ్ళకు చెప్పాను. వాళ్ళు తవ్వారు. ఆ తరువాతే గట్టు మీద కూర్చున్నాను. కన్నీళ్ళు రాలేదు. ఇది రాస్తున్న ఈ క్షణానికి కూడా రాలేదు. దుఃఖం ఎక్కడో దూరాన ఆగిపోయి, దాని బరువు ఒక్కటే ముందుగా వచ్చి ఒంటి మీద వాలినట్టుంది.

సింగపూరు తెలుగువారి సభల్లో వరహాలమ్మ గారి పేరు వినిపించేది కాదు. వేదికలంటే ఆవిడకు గిట్టదు. కాని ఆవిడ ఎంపిక చేసి నాటించిన చెట్ల నీడలో ఏదో ఒకనాడు బస్సు కోసం నిలబడని తెలుగువారు ఇక్కడ తక్కువే. తాత శ్రీకాకుళం వైపు నుంచి మలేసియా వెళ్ళి, పేరాక్‌లో కొబ్బరి తోటల్లో స్థిరపడ్డ కుటుంబం వారిది. ఆవిడ అక్కడే పుట్టి, వ్యవసాయశాస్త్రం చదివి, పెళ్ళికి ముందే ఉద్యోగం కోసం ఇటు దక్షిణానికి వచ్చేశారు. ఇళ్ళ సముదాయాలకూ బడులకూ కార్యాలయాలకూ తోటలు రూపొందించే సంస్థలో ఉద్యోగం. పనిలో అందరికీ ఆవిడ మిస్ వరా. ఆవిడ దగ్గర నేర్చుకున్న మాకు మాత్రం ఆంటీ. సాయంత్రాల్లో పాఠం చెప్పేవారు. కాండం గట్టిపడే మొక్కలు, అంటే చెట్లూ పొదలూ మాను కట్టే తీగెలూ, వీటిని గుర్తుపట్టడం ఎలా, దేన్ని ఎక్కడ నాటాలి అన్నదే ఆ పాఠం.

నేను ఆ తరగతిలో చేరింది ఆసక్తితో కాదు. అనంతపురం నుంచి భర్త ఉద్యోగం వెంట వచ్చాను. చదివింది భవన నిర్మాణం. ఇక్కడ పని దొరకలేదు. సెంగ్‌కాంగ్ ఫ్లాట్‌లో పాపను బడికి పంపాక గోడలు చూస్తూ కూర్చోలేక చేరాను. మొదటి రోజు ఆంటీ మమ్మల్ని గదిలో కూర్చోనివ్వలేదు. బయట రోడ్డు పక్కన చెట్ల వరుస దగ్గరకు తీసుకెళ్ళి కళ్ళు మూసుకోమన్నారు.

"ఆకు కేసి సూడకండి. ఆకు అందరికీ అగుపడతాది. ముందల మాను ముట్టుకోండి" అన్నారు.

నడివయసు మనుషులం, ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్ళం, కళ్ళు మూసుకుని చెట్లను తడుముతూ నిలబడ్డాం. దారిన పోయేవాళ్ళు నవ్వుకున్నారు. నా చేతికి ఒక బెరడు నున్నగా తగిలింది, పక్కది పగుళ్ళు పగుళ్ళుగా తగిలింది. ఆ తరువాతే కళ్ళు తెరవమన్నారు. ఆకులు కొమ్మకు ఎదురెదురుగా పుట్టాయా, ఒకటి విడిచి ఒకటా? తుంచితే పాలు కారతాయా? నలిపితే ఏ వాసన? కొమ్మ చివర మొగ్గ ఎలా ముడుచుకుని ఉంది? పేరు అన్నిటికన్నా చివర వచ్చేది. తొందరపడి పేరు చెప్పేసిన వాళ్ళను, "ఇంకా పరిచయమే అవనేదు, అప్పుడే పేరెట్టి పిలిసీడమేటి?" అని మందలించేవారు.

కొన్ని వారాల తరువాత ఒక సాయంత్రం, ఇక్కడివాళ్ళు తంజోంగ్ అని పిలిచే చెట్టు కింద పాఠం జరుగుతోంది. కింద రాలిన చిన్న పూలను చూసి నేను ఉండబట్టలేక, "ఆంటీ, ఇది మా పక్క పొగడచెట్టు గదా! మా ఇస్కూలు కాంపౌండులో ఉండేది. పూలు ఏరుకొని దండలు గుచ్చుకుంటాంటిమి" అన్నాను.

ఆవిడ వంగి ఒక పువ్వు తీసుకుని, అరచేతిలో పెట్టుకుని చూశారు.

"ఇదేనేటి పొగడ? మా అమ్మ పొగడపూలు, పొగడపూలు అనీది. ఆయమ్మకి వాళ్ళమ్మ సెప్పింది. అదేదో ఇండియాలో ఉండీ సెట్టనుకున్నాను. నాను దీన్ని ఎన్ని సోట్ల నాటించినానో నాకే తెల్దు."

తరగతి అయిపోయినా ఆవిడ అక్కడి నుంచి కదలలేదు. మరునాడు ఫోను చేసి, మునగ మొదలు మోదుగ దాకా నాకు తెలిసిన తెలుగు పేర్లన్నీ ఒక్కొక్కటే అడిగారు. ఆ తరువాతి నుంచి తరగతిలో ఏ చెట్టు ముందు నిలబడినా శాస్త్రనామం, మలయ్ పేరు చెప్పి, "శైలజా, మనోళ్ళు ఏటంటారు?" అని నా వైపు తిరిగేవారు. తెలియదని చెప్పిన రోజున, తెలుసుకుని రమ్మనేవారు. కోర్సు ముగిశాక తనకు సహాయకురాలిగా చేర్చుకున్నారు.

ఆవిడ విద్యకంతటికీ ఆధారం ఒకే ఒక్క మాట. మొక్కను నాటే చోటికి మమ్మల్ని పిలిచి, "ఇది ముసిల్దైనాక ఎక్కడి దాకా వస్తాదో అక్కడ నిలబడండి" అనేవారు. ఒకసారి సెరంగూన్‌లో కాండో అనే ప్రైవేటు ఫ్లాట్ల సముదాయం కమిటీ వారు, ఈతకొలను పక్కనే నిద్రగన్నేరు కావాలని పట్టుబట్టారు. ఆంటీ వాదించలేదు. కమిటీ సభ్యులనే చేతులు పట్టుకుని వలయంగా నిలబడమని, ఒక్కొక్క అడుగూ వెనక్కి వెయ్యమన్నారు. వెనక్కి వెళుతూ వెళుతూ ఒకాయన కొలను అంచుకు చేరి ఆగిపోయాడు. "ఆగొద్దు, కొమ్మ ఆగదు" అన్నారావిడ ఇంగ్లీషులో, ఏమాత్రం నవ్వకుండా. కమిటీ వారు నవ్వేసి వేరే చెట్టుకు ఒప్పుకున్నారు.

ఇంత జాగ్రత్త గల మనిషి ఒకసారి పొరబడ్డారు. ఆ సంగతి దాచడం ఆవిడకే ఇష్టం లేదు గనుక నేనూ దాచను. ఒక పసిపిల్లల బడి ముంగిట్లో దేవగన్నేర్లు నాటించారు. ఏడాది గడిచాక చూసి రావడానికి ఇద్దరం వెళ్ళాం. మొగ్గలు వేసిన కొమ్మ దగ్గర ఆవిడ ఆగారు. ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. దేవగన్నేరు ఆకులో అంచు వెంబడి ఒక ఈనె గీత గీసినట్టు సాగుతుంది. ఇందులో అది లేదు. పక్క మొక్కలోనూ లేదు. పువ్వూ పాలూ దేవగన్నేరును తలపించేవే గాని, అవి ఇక్కడ పాంగ్‌పాంగ్ అనే చెట్లు. వాటి కాయలోని గింజ ప్రాణాంతకం.

ఆవిడ ముఖం తెల్లబోయింది. మొక్కలు సరఫరా చేసినవారి మేస్త్రీ మా పక్కనే ఉన్నాడు. "మిస్ వరా, ఎవరికీ చెప్పొద్దు. కత్తిరింపు పని అని చెప్పి మార్చేద్దాం" అన్నాడు. అతని ఉద్దేశం చెడ్డది కాదు. ఆవిడను కాపాడాలనే అన్నాడు.

ఆంటీ తిన్నగా ప్రధానోపాధ్యాయురాలి గదిలోకి వెళ్ళారు. ఇవి విషపు చెట్లనీ, కాయ పట్టకముందే తీసెయ్యాలనీ, ఆ మొక్కలు వచ్చిన రోజున సరిచూసి ఒప్పుకున్నది తానేననీ చెప్పారు. బయటికి వచ్చాక నాతో అన్న మాటలు ఇవి.

"ఆ దినం వానమ్మా. కారు దిగనేదు. అద్దంలోంచి సూసి సరే అనీసినాను. ఇంకెవులి తప్పున్నా ఇది నా తప్పే."

చివరి వేరు పైకి వచ్చేదాకా ఎండలో నిలబడి తవ్వించారు. ఆ తరువాత సంస్థవారు ఒక పెద్ద పనిని ఆవిడ చేతుల్లోంచి తప్పించి ఇంకొకరికి ఇచ్చారు. ఆవిడ మాత్రం ప్రతి కొత్త తరగతికీ ఈ కథ స్వయంగా చెప్పేవారు. రెండు ఆకులూ పక్కపక్కన పెట్టి, వేలితో చూపించి, వాన సంగతి కూడా వదలకుండా చెప్పేవారు. విన్నవాళ్ళెవరూ ఆ రెండు ఆకులనూ మళ్ళీ మరిచిపోలేదు. గురువు తన ఓటమిని పాఠంగా మలచి ఇవ్వడం నేను మరెక్కడా చూడలేదు.

ఆవిడ చివరి పని సెంగ్‌కాంగ్‌లో ఒక వృద్ధుల నిలయానికి తోట. జ్ఞాపకశక్తి పోయినవాళ్ళు అక్కడ ఉంటారు. వాళ్ళు నడిచే దారి పక్కన ఏవి నాటాలన్నది ప్రశ్న. చిదిమి నోట్లో పెట్టుకున్నా ప్రమాదం ఉండకూడదు, పట్టుకుంటే గుచ్చుకోకూడదు, వాసన మాత్రం ఉండాలి. ఆంటీ తరగతిలో నాతో కలిసి చదివిన నస్రీన్ ఆ నిలయంలో పర్యవేక్షకురాలు. హైదరాబాదు అమ్మాయి.

"ఆంటీ, ఒక గోరింట పొద పెడ్దాం. మా నానీ లాంటి ముసలోళ్ళు వాసన చూస్తేనే ఖుష్ అయితరు" అంది.

"గోరింట మంచిదే గాని, ముదిరితే కొమ్మ సివర ముళ్ళు తేల్తాయి. ఆళ్ళు పట్టుకుని నడిసీ దారి కదమ్మా. సుబ్బరంగా కరేపాకు పెట్టుదుము. అరవోళ్ళకీ మనకీ ఇద్దరికీ పనికొస్తాది" అన్నారు ఆంటీ.

కరివేపాకు, నూరువరహాలు, సువాసనగల పొదలు ఇంకొన్ని నిర్ణయమైపోయాయి. నూరువరహాల దగ్గర, "నా పేరు కూడా నాటీస్తన్నారు, సూసినావా?" అని నవ్వారు. పడమటి మూల ఒక్కటి మిగిలింది. మధ్యాహ్నపు ఎండ నేరుగా పడే చోటు. అక్కడ ఒక చెట్టు ఉండాలి. ఏ చెట్టో పటం మీద ఆవిడ రాయలేదు. "అక్కడ నిలబడి సెప్తానులే" అన్నారు. ఆ తరువాతి వారమే ఆ మంగళవారం వచ్చింది.

మండాయ్ శ్మశానవాటికలో అంత్యక్రియలు జరిగాయి. ఆవిడ శిష్యులు చాలామంది వచ్చారు. చీనావాళ్ళు, మలయ్‌లు, తమిళులు. నస్రీన్ నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను కిటికీలోంచి బయట ఉన్న పొదను చూస్తున్నాను. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. అంచులు నున్నగా ఉన్నాయి. పాలు ఉంటాయా అని ఆలోచిస్తున్నాను. లోపల లత ఆఖరిసారి చూడమని పిలుస్తోంది. వెళ్ళాను, చూశాను, నమస్కరించాను. ఆవిడ గోళ్ళ సందుల్లో మట్టి ఎవరో శుభ్రంగా కడిగేశారు. ఆ చేతులను అలా ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క క్షణం ఎవరో పరాయి మనిషి ముందు నిలబడ్డాననిపించింది.

ఇంటికి వచ్చాక మా పాప, "అమ్మా, ఆర్ యూ ఓకే?" అని అడిగింది. ఓకే అన్నాను. వంట చేశాను.

ఆ వారంలోనే వృద్ధుల నిలయానికి మొక్కల లారీ వచ్చింది. వాయిదా వేద్దామా అని నస్రీన్ అడిగింది. వేళ్ళకు మట్టి కట్టి తెచ్చిన మొక్కలు ఎన్నాళ్ళు ఆగుతాయి? నాటాం. పొదలన్నీ ఆంటీ గీసిన పటం ప్రకారమే పడ్డాయి. లత కూడా వచ్చి నీళ్ళు పోసింది. నడక దారిలో ఒక పెద్దాయన ప్రతి మొక్క దగ్గరా ఆగి, ఇది ఏమిటని అడిగాడు. చెప్పాను. తిరిగి వస్తూ మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను.

చివరికి పడమటి మూల మిగిలింది. మధ్యాహ్నం దాకా ఆగి, ఎండ ఎక్కడ పడుతుందో చూశాను. గోడకు ఎంత దూరమో, కాలువ ఎటు పోతుందో చూశాను. పై అంతస్తు కిటికీలు లెక్కలోకి తీసుకున్నాను. కొమ్మలు ముదిరాక ఎక్కడి దాకా వస్తాయో అక్కడిదాకా నడిచి నిలబడ్డాను. పనివాళ్ళు పార ఆనించుకుని ఎదురుచూస్తున్నారు.

"ఏది పెట్టమంటావ్ శైలూ?" అంది నస్రీన్.

లారీలో మిగిలిన చెట్టు మొక్కలు చూసి, టెంబుసు అన్నాను. నిదానంగా పెరిగే చెట్టు. సాయంత్రం పూట పరిమళిస్తుంది. కొమ్మలు గట్టివి.

నాటడం అయ్యాక లత నా పక్కకు వచ్చి నిలబడింది. "అక్కా, అమ్మ కూడా ఇదే చెప్పేదా?" అని అడిగింది.

"తెలీదు" అన్నాను. అది నిజం.

వరహాలమ్మ గారి వంటి గురువు దొరకడం ఏ పుణ్యమో నాకు తెలియదు. ఆవిడ ఋణం తీర్చుకోలేనిది. ఆవిడ స్థానంలో నిలబడమని సాయంత్రపు తరగతి వారు నన్ను అడిగారు. వెళతాను. చెట్ల దగ్గరకు తీసుకెళ్ళి కళ్ళు మూసుకోమంటాను. నాకు చాతనైనంత చెబుతాను. అంతకు మించిన నివాళి ఇవ్వడం నాకు చాత కాదు.

ఆ టెంబుసు అక్కడ ఉండవలసిన చెట్టో కాదో, అది పెరిగి పెద్దదయ్యాక గాని తెలియదు. ఆంటీ ఉంటే ఆ సాయంత్రమే తెలిసేది.