మోలీ, మూడు గాజు జెల్లలు

చేపల విషయంలో నాకు కాస్త పొగరు ఉండేది. గోదావరి ఒడ్డున పుట్టి, పులుసు ముక్కలతో పెరిగి, పోర్టులో గుమాస్తా ఉద్యోగానికి విశాఖపట్నం వచ్చినవాణ్ణి. మా ఆవిడ ఈ ఊరి పిల్లే. అయినా జాలరిపేట నుంచి చేపల గంప వీధిలోకి వస్తే చాలు, మొప్పలెత్తి చూసి, పేర్లు పెట్టి, ఆవిడ బేరం చెడగొట్టేవాణ్ణి. ఎనభైల మొదట్లో, సీతమ్మధారలో అద్దెకుంటున్నప్పుడు, వేలెడంత చేపపిల్ల ఒకటి ఆ పొగరు అణిచింది.

మా ముందుగదిలో గాజు తొట్టి ఒకటి ఉండేది. తొట్టి నాది, అందులోని ఆరు నల్ల మోలీ చేపలు మా ఆవిడవి. మోలీలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. వాటిలో ఒకదాని పొట్ట గుండ్రంగా తిరిగింది. ఇంకేం, వీధిలో సగం ఇళ్లకు పిల్లల్ని పంచుతానని మా ఆవిడ మాటిచ్చేసింది. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు కూర్చుని దాని పొట్టే చూసేది.

మీసాల చేపలుంటే తొట్టికి ఇంకా అందం అనిపించి, విశాఖ పాత టౌనులో తొట్టి చేపలమ్మే సాయిబు కొట్టుకి వెళ్లాను. కలకత్తా నుంచి కొత్త సరుకు దిగింది. వేలెడంత పిల్లలు, వెన్నుముల్లు బయటికే కనిపించేంత పలచటి ఒళ్లు. సాయిబు వాటిని గాజు జెల్లలనేవాడు.

"ఆగండి బాబూ, నాను తీసిత్తాను. ఇందులో ఇంకో రకం పిల్లలు కూడా కలిసిపోయి వత్తాయి" అన్నాడు.

"మాది గోదావరి సాయిబూ. నాకు నువ్వు చేపలు ఏరిపెడతావా?" అని వల నేనే అందుకున్నాను. బాగా హుషారుగా ఉన్న మూడింటిని పట్టాను. రెండింటికి మొప్పల వెనక నల్ల మచ్చ ఉంది. మూడోదానికి లేదు, కడిగిన ముత్యంలా ఉంది. నెల తిరిగేసరికి అది మిగతా రెండింటికంటే రెట్టింపు పెరిగింది. నా ఎంపిక చూశావా అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను.

ఈలోగా మోలీలు ఒక్కొక్కటే మాయమవుతున్నాయి. పక్కింటి పిల్లిని తిట్టి, తొట్టి మీద పలక కప్పాను. అయినా లాభం లేకపోయింది. చివరికి కడుపుతో ఉన్నదొక్కటే మిగిలింది.

"పిల్లి కాదు, ఏటీ కాదు. మీ జెల్లలే తింతన్నాయి" అంది మా ఆవిడ. ఆ ఆదివారం పెందుర్తిలో ఉన్న వాళ్లక్క ఇంటికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "నాను వచ్చేదాకా దాన్ని సూసుకోండి. ఇవాళో రేపో కనేత్తాది."

సరే, దొంగని పట్టాలి. ముక్కు తొట్టికి ఆనించి అరగంట చూశాను. మచ్చలున్న రెండింటి వాలకం నాకు నచ్చలేదు. వాటిని తీసి పెద్ద గాజు సీసాలో పడేశాను. నా ముద్దుల చేపని మోలీ దగ్గరే ఉంచి, భోంచేసి హాయిగా పడుకున్నాను.

నాలుగింటికి లేచి చూస్తే తొట్టిలో ఒక్క చేపే ఉంది. దాని పొట్ట ఉబ్బింది. నోటి చివర నల్ల తోక ఇంకా కనిపిస్తోంది.

మర్నాడు పెందుర్తి నుంచి వచ్చి తొట్టి చూసిన మా ఆవిడ, సాయంత్రం తనే దాన్ని గిన్నెలో పెట్టుకుని సాయిబు కొట్టుకి బయల్దేరింది. నేను వెనకాలే వెళ్లాను. సాయిబు గిన్నెలోకి ఒక్కసారి చూశాడు.

"ఇది వాలుగ పిల్లమ్మా, పక్క చేపల్ని మింగేత్తాది. నోరు సూడండి, చీలిక కన్ను దాటి ఎనక్కి పోయింది. గాజు జెల్లకి కన్ను దాకా కూడా రాదు. మచ్చ కూడా దానికే ఉంటాది, దీనికుండదు."

వాలుగ! ఎన్ని వందల ముక్కలు తిని ఉంటానో. కానీ మా ఇంట్లో చేప తల ఎప్పుడూ నాన్న కంచంలోకే వెళ్లేది. పెళ్లయ్యాక ఆ హోదా నాకొచ్చినా, ముళ్లకి భయపడి తీసుకోలేదు. ఇక్కడ గంపల్లో వచ్చేవి సముద్రపు చేపలు; వాలుగలో నాకు తెలిసిందల్లా నడుం ముక్కలే. వాలుగ మొహం నేను సరిగ్గా చూసింది ఆ రోజే.

వాలుగని సాయిబు వేరే తొట్టిలో వేసుకున్నాడు. బస్సు దిగి ఇంటికొచ్చాక మా ఆవిడ సీసాలోని రెండు జెల్లల్నీ తొట్టిలోకి వంచింది.

"దొంగలన్నారు కదా, సారీ సెప్పండి వాటికి."

నవ్వుతుందేమోనన్న ఆశతో నిజంగానే తొట్టి ముందు వంగి, చెవులు పట్టుకుని సారీ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"మరి మోలీకెవరు సెప్తారు?" అంది.

మర్నాడు పొద్దున ఆవిడ కాఫీ వంటింట్లోనే తాగింది.