మునీశ్వరుడికి అల్లరి మందు

ఆ రోజుల్లో పిల్లలకి జ్వరం వస్తుందనీ, గవదలు వస్తాయనీ, గజ్జి వస్తుందనీ అందరికీ తెలుసు గాని, దిగులు కూడా వస్తుందంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. దిగులు పెద్దవాళ్ళ సొత్తు. పంట పోయినవాడికో, దావా ఓడినవాడికో ఉండాలి గాని నిక్కరు తొడుక్కున్నవాడికి ఎందుకు? ఇప్పుడు మా మనవరాలి బడికి ఏడాదికోసారి ఒకావిడ వచ్చి, నిద్ర పడుతోందా, స్నేహితులున్నారా, ఎవరైనా భయపెడుతున్నారా అని ఒక్కొక్కర్నీ మెత్తగా అడిగి వెడుతుందట. ఇదేదో కొత్త విద్య అయినట్టు మా కోడలు చెబుతుంటే ఊరుకోలేకపోయాను. "అమ్మాయీ, డెబ్భైల్లోనే తిరువూరులో ఈ పని చేసినవాణ్ణి నేను. కృష్ణా జిల్లా మొత్తానికి మొదటి మనసుల డాక్టర్ని! విజయవాడలో నెల్లాళ్ళు ట్రెయినింగయి వచ్చి, బడి మొత్తాన్నీ పరీక్ష చేసి, నోరు పెగలని పిల్లవాడి చేత గలగలా మాట్లాడించాను" అన్నాను.

"నిజమా మావయ్యగారూ!" అని మా కోడలు కళ్ళు పెద్దవి చేసింది. ఆ కళ్ళు చూసి నిజం చెప్పాలనిపించలేదు గాని, మీకు చెబుతాను. నెల్లాళ్ళు కాదు, మూడు రోజులు. (అందులో ఒక మధ్యాహ్నం మ్యాట్నీకి వెళ్ళాను. పిల్లల మనసుల్లో నాకు ఇప్పటికీ అర్థం కానిదంతా ఆ మధ్యాహ్నమే చెప్పేసి ఉంటారు.) జిల్లాలో మొదటివాణ్ణీ కాదు. నా చుట్టూ అలాంటి మొదటివాళ్ళు బోలెడుమంది కునుకు తీస్తూ కనిపించారు. నన్నే పంపడానికి కారణం నా ప్రతిభా కాదు. సైన్సు మాస్టరుగా బందరు నుంచి కొత్తగా వచ్చినవాణ్ణి, పెళ్ళికానివాణ్ణి, పొమ్మంటే పోవలసినవాణ్ణి. అయితే అక్కడ పాఠం చెప్పిన పెద్దాయన అన్న ఒక్క మాట మాత్రం నా బుర్రలో నాటుకుంది: "అల్లరివాడి గురించి బెంగపడకండి, వాడి బాధంతా బయటే ఉంది. కదలకుండా కూర్చునేవాణ్ణి చూడండి."

వచ్చిన మర్నాటి నుంచీ మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే వరండాలో కుర్చీ వేసుకుని, ఎవడు ఒంటరిగా తింటున్నాడు, ఎవడు తినకుండా మిన్ను చూస్తున్నాడు అని కాపు కాయడం మొదలుపెట్టాను. మా తెలుగు పంతులుగారు పొడుం పీలుస్తూ, "ఏమయ్యా మనసుల డాక్టరూ, ముందు మన డ్రిల్లు మాస్టార్ని చూడవయ్యా. పొద్దున్నుంచీ ఈల ఊదుతూనే ఉన్నాడు, ఎవరి మీద కోపమో ఏమో!" అనేవారు. అంతలో సైన్సు మాస్టారు దిగులుగా ఉన్నవాళ్ళని ఏరుతున్నారని పుకారు పుట్టింది. మర్నాటికల్లా తొమ్మిదో తరగతి సగం చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చుంది.

"ఏరా, ఏమైంది?"

"దిగులండి."

"ఎందుకురా?"

"అదేమో తెలీదండి. దిగులుంటే డ్రిల్లుండదంటగా!"

ఆ దొంగ దిగుళ్ళ మధ్య కదలకుండా కూర్చున్న అసలు పిల్లవాడు ఒకడు దొరికాడు. పప్పుల శెట్టిగారని బజార్లో కిరాణా కొట్టున్న ఆసామి కొడుకు. లెక్కల్లో ఫస్టు. ఏటా సత్ప్రవర్తన బహుమతి వాడిదే. అడిగితే జవాబు చెబుతాడు, అడక్కపోతే గోడ. తోటివాళ్ళు మునీశ్వరుడని పేరు పెట్టారు. నేను వెంటనే స్టాఫు రూములో, "ఈ బళ్ళో మనం కంగారు పడవలసినవాడు వీడొక్కడే" అని ప్రకటించాను. తిరువూరు బజారుకి ఆ మాట నాకంటే ముందే చేరింది. సాయంత్రానికల్లా శెట్టిగారు ఊడిపడ్డారు.

"ఏం మాస్టారూ, మావాడికి పిచ్చన్నారంట?"

"పిచ్చి కాదండీ, మనసులో ఏదో పెట్టుకున్నాడేమోనని..."

"మా ఇంట్లో ఎవరం మనసులో ఏదీ పెట్టుకోమండి. వచ్చింది వచ్చినట్టు అనేస్తాం."

"అదేనండీ, వీడు అనట్లేదు."

శెట్టిగారు వెంటనే, "అయితే చదువు వికటించిందన్నమాట. శనివారం నెమలి ఊరు తీసుకెళ్ళి అక్కడి గుళ్ళో స్వామికి మొక్కిస్తాను. దసరాలోపు నోరు విప్పాడా, సరే సరి. లేదంటే కొట్లో కూర్చోబెడతా. గిరాకీలే మాట్లాడిస్తారు" అని తేల్చేసి వెళ్ళిపోయారు. హెడ్మాస్టారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ వీపు మీద తగులుతున్నట్టుంటుంది. "ఏమయ్యా, ఉన్న ఒక్క బుద్ధిమంతుణ్ణీ బళ్ళోంచి పంపించేస్తావా?" అన్నారు. నిజమే. నా మూడు రోజుల పాండిత్యం (మ్యాట్నీ పోగా రెండున్నర) వాడి చదువుకి ఎసరు పెట్టింది.

వైద్యం నేనే కనిపెట్టాను. వాడికి లేనిది అల్లరి, కాబట్టి అల్లరే మందు. రోజూ బడి వదిలాక మెట్ల మీద కూర్చోబెట్టుకుని, మర్నాడు ఒక అల్లరి చెయ్యమనేవాణ్ణి. "ఏం అల్లరండీ?" "నీ ఇష్టంరా." "మీరు చెప్తే చేస్తానండి." సరే, పంతులుగారి పొడుం డబ్బా దాచమన్నాను. దాచాడు. దాచి, నేరుగా ఆయన ముందుకెళ్ళి చేతులు కట్టుకుని, "పంతులుగారండీ, మీ డబ్బా బీరువా వెనకాల నేనే పెట్టానండి. మళ్ళీ ఎప్పుడు దాచమంటారండీ?" అన్నాడు. పంతులుగారు పరవశించి, "చూశారా, దొంగతనంలోనూ ఎంత వినయమో!" అని అందరికీ చెప్పుకున్నారు. ఇలా కాదని, వేళకి ముందే బెల్లు కొట్టమన్నాను. వాడు వెళ్ళి హెడ్మాస్టార్ని అనుమతి అడిగాడు. ఆయన ఏవో కాగితాల మీద సంతకాలు చేస్తూ తల ఎత్తకుండానే "కొట్టుకో" అన్నారు. బడి మొత్తం పుస్తకాలు ఎత్తుకుని మూడింటికే ఇళ్ళకి పరిగెత్తింది. తానే అనుమతిచ్చిన నేరానికి ఎవర్ని కొట్టాలో హెడ్మాస్టారికి పాలుపోలేదు.

దసరా సెలవులకి ముందు శెట్టిగారు తీర్పు వినడానికి వచ్చారు. హెడ్మాస్టారి గదిలో పిల్లవాణ్ణి నిలబెట్టి, "ఏరా, మాట్లాడతావా, కొట్లో కూర్చుంటావా? చెప్పవేం? అదిగో చూశారా, ఉలకడు పలకడు. వీళ్ళ తాతా ఇంతే అనుకునేరు, ఆయన మొదలెడితే తెల్లారిపోద్దండి. వీళ్ళ బాబాయైతే నిద్రలో కూడా బేరమాడతాడు. వీళ్ళమ్మ సంగతి మీకు చెప్పక్కర్లేదు, మరి వీడేంటండీ ఇట్టా..." అంటూ ఊపిరి తీసుకోకుండా సాగిపోయారు.

"శెట్టిగారూ, పిల్లవాడు నోరు తెరిచే ఉన్నాడండి. తమరు ఒక్క క్షణం ఆగితే..." అన్నారు హెడ్మాస్టారు.

శెట్టిగారు ఆగారు. పిల్లవాడు మెల్లిగా, "మనింట్లో అందరూ మాట్లాడేవాళ్ళే కదా నాన్నా. వినడానికి ఒకడన్నా ఉండొద్దా? నాకేం దిగుల్లేదు, వినడం నాకిష్టం. కొట్లో కూర్చోబెట్టొద్దు నాన్నా, చదువుకుంటా" అన్నాడు.

శెట్టిగారికి మాట పడిపోవడం ఊరు మొత్తంలో హెడ్మాస్టారూ, నేనూ, వాడూ ముగ్గురమే చూశాం. తరవాత భుజం మీది తువ్వాలు సర్దుకుని, "ఇంత పద్ధతిగా మాట్లాడేవాడికి పిచ్చేంటండీ మాస్టారూ? మీరూ మీ ట్రెయినింగూ! చదువుకోనీండి" అని, నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టి వెళ్ళిపోయారు. అప్పటి నుంచీ మునీశ్వరుడు నా వైద్యంతో బాగుపడ్డాడని, కనిపించిన ప్రతివాడికీ చెప్పుకుంటూ వచ్చాను. రోగం లేనివాణ్ణి నయం చెయ్యడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ లేదు.

టెలిఫోన్ల శాఖలో పని చేసి రిటైరైన ఆ పిల్లవాడు మొన్న మా ఇంటికి వచ్చాడు. తలంతా తెల్లబడింది. మా కోడలు కాఫీ ఇస్తుంటే నేను ఊరుకోలేక, "ఇదిగో అమ్మాయీ, నేను చెప్పింది వీడి గురించే. రోజూ ఆ మెట్ల మీద కూర్చోబెట్టి, మాట మీద మాట లాగి, వీడి గుండెలో ఉన్నదంతా బయటికి తెప్పించాను" అన్నాను. అంటుంటే గ్రాఫు గీసినట్టు దువ్విన క్రాపుతో ఆ మెట్ల మీద కూర్చున్న ఆ కుర్ర డాక్టరు కళ్ళ ముందు మెదిలాడు. ఎంత ధీమా వెధవకి, అని నవ్వొచ్చింది.

మునీశ్వరుడు ఎప్పటిలాగే చివరిదాకా విన్నాడు. కప్పు కింద పెట్టాడు.

"మాట్లాడింది మీరు సార్, నేను కాదు. బందరు బదిలీ రాలేదని, మెస్సులో మజ్జిగ నీళ్ళలా ఉంటుందని, అమ్మ గుర్తొస్తోందని రోజూ మీరే చెప్పేవారు. ఇంటికెళ్ళి చెబితే మా అమ్మ, 'పాపం ఆ పిల్లాడికి ఈ ఊళ్ళో ఎవరూ లేరురా, రోజూ కాసేపు కూర్చుని రా' అంది. అందుకే వచ్చేవాణ్ణి. దసరా నాటికి మీరు కాస్త తేరుకున్నారు."