గురువుగారిచ్చిన సారెపలక

రిష్తాన్ ఊళ్ళో కుమ్మరిపెద్ద హమ్రాకుల్ ఉస్తాకు సారె కంటె సారెపలకల మీదనే మమకారం ఎక్కువ. సారెపై అమర్చి, గిన్నెను తీర్చినాక దానితో సహా ఎత్తి ఆరబెట్టే ఆ గుండ్రని చెక్కలను ఆయన మల్బరీ మానుతోనే చేయిస్తాడు. పని ముగియగానే కడిగి, ఎండ సోకని గోడవార, ఒకదానికొకటి తాకకుండా నిలబెడతాడు. ప్రతి ఉదయం దైవనామం స్మరించి, పలకను చెంపకు ఆనించి తడి చూస్తాడు. మరీ పొడిదైతే మట్టిని విడవదు. నూనె తగిలిందా, పట్టనే పట్టదు.

ఆనాడు, తనకు పని నేర్పిన గురువుగారిచ్చిన పలకను ఆనించగానే గడ్డం జిడ్డయింది. భార్య తుర్సునాయ్ ఫక్కున నవ్వింది. "ఏమయ్యా, గడ్డానికి నూనె రాశావు, మళ్ళీ పెళ్ళికొడుకువవుతావా?"

వాకిలి ఊడుస్తున్న పది రోజుల కొత్తకోడలు మునవ్వర్ చేతిలో చీపురు ఆగిపోయింది. పుట్టింట ఊయలకర్రకు రాసినట్లే, మామగారి పలక మెరవాలని పత్తిగింజల నూనె పట్టించినది ఆమే. బెదిరిన ఆ కళ్ళను ఆయన చూశాడు. ముప్పై ఏళ్ళ పలక ఇక సారెకు పనికిరాదు.

"నేనే రాశాన్లే" అన్నాడు.

"నువ్వా! నూనెచేత్తో ముట్టుకున్నానని నన్ను వారం రోజులు తిట్టినోడివి!"

"ముసలాణ్ణి కదే, మతి పోయింది."

ఆయన పలకను కోడలి చేతుల్లో పెట్టి, "తల్లీ, రొట్టెలు దీనిమీద ఒత్తుకో. పిండి అంటుకోదు" అన్నాడు.

తుర్సునాయ్ భర్త గడ్డాన్ని చూసింది, కోడలి ముఖాన్ని చూసింది. పిండిగిన్నె మీది గుడ్డ తొలగించి, కోడలి ముందుకు జరిపింది.