గాంధారం మైనస్ పద్నాలుగు

వెనక్కి వచ్చిన హార్మోనియంలు పది, పగిలిన రీడ్లు ముప్పై ఒకటి, ఒక మేస్త్రీ ఉద్యోగం, ఆ తర్వాత అతని చెవులు. ఆ వ్యవహారంలో పోయినవి ఇవి.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని చిన్న హార్మోనియం యూనిట్‌లో నేను నాణ్యతా తనిఖీ చూసేవాణ్ణి. ఇది నేను చేరిన నాలుగో ఏడాది వేసవిలో జరిగింది. నాకు సంగీతం రాదు. చదివింది ఐటీఐ, పాత పుస్తకాలు కొని లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. రీడ్లను శ్రుతి చేసే మేస్త్రీ యాదగిరి. రీడ్‌లోని ఇత్తడి నాలుక కొనను గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు దగ్గర గీకితే తగ్గుతుంది. గీకిన లోహం తిరిగి రాదు.

ఆ ఏడాది మేనేజరు ఎలక్ట్రానిక్ మీటరు తెప్పించారు. అది స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని నూరు సెంట్లుగా కొలుస్తుంది. ఒక శ్రుతిలో స్వరాలు శుద్ధంగా కుదిరితే మరో శ్రుతిలో చెడతాయి కాబట్టి, తప్పును అన్ని శ్రుతులకూ పంచే పద్ధతి అది. ఒక భజన బృందం కోసం యాదగిరి శ్రుతి చేసిన పది పెట్టెలను దానితో కొలిచాను. గాంధారం పద్నాలుగు సెంట్లు తక్కువ. ధైవతం, నిషాదం కూడా తక్కువే.

యాదగిరి వచ్చి సా, గా మెట్లు కలిపి నొక్కాడు. "ఇనుండ్రి సారూ, జెరంతన్నా వణుకుతున్నదా? మీ మిషన్ జెప్పినట్టు జేస్తే గజగజ వణుకుతది. ఆళ్లు పాడేది ఒక్క శ్రుతిలనే గద!"

"నీ చెవులకు కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉందా యాదగిరీ?" అని మేనేజరు నవ్వారు. నేనూ నవ్వాను. తిరస్కరణ పత్రంలో 'గాంధారం మైనస్ 14' అని రాసి సంతకం పెట్టాను.

ఆ కాగితం చూపించే యాదగిరిని పని మాన్పించారు. కొత్త మనిషి మీటరు చూస్తూ ఆ మూడు స్వరాల రీడ్లు నూట ఎనభైటికీ కొనలు గీకాడు. పలచబడినవి ముప్పై ఒకటి పగిలితే కొత్తవి వేసి పంపాం. నెల తిరక్కుండా పది పెట్టెలూ వెనక్కి వచ్చాయి. గాంధారం గొంతుతో కలవడం లేదట.

అప్పుడు కొలతల పుస్తకం మళ్లీ తీశాను. నేను సగటు ఒక్కటే చూశాను, అంకెలు ఎంత చెదిరాయో చూడలేదు. చేయి తప్పినవాడి అంకెలు అటూ ఇటూ చెదిరి ఉంటాయి. పెట్టెకు ఆరు చొప్పున యాదగిరి చేసిన అరవై గాంధారాల్లో ఒక్కటీ ఆ పద్నాలుగుకు సెంటు మించి పక్కకు పోలేదు. అంత కచ్చితంగా ఎవరూ పొరబడరు.

ఆ బృందం వాడే స్వరాల జంటలను రాసుకున్నాను. ఎక్కువగా వాడే జంటకు ఎక్కువ బరువు ఇచ్చి, వణుకు లేకుండా కలిసే శుద్ధ నిష్పత్తి నుంచి తేడాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యేలా లెక్క కట్టాను. మూడు ఆదివారాలు పట్టింది. గాంధారం సా నుంచి మూడు వందల ఎనభై ఆరు సెంట్ల దగ్గర ఆగింది. మీటరు చెప్పే నాలుగు వందలకు పద్నాలుగు తక్కువ.

మేనేజరుకు చూపిస్తే, ఇప్పుడు ఒప్పుకుంటే నష్టం మన నెత్తికొస్తుందన్నారు. కాగితాలు సొరుగులో పెట్టేశాను. నాలుగేళ్లకు యూనిట్ మూతపడి, నా ఉద్యోగం ముగిశాకే కొల్లూరు కాలనీలో యాదగిరి ఇంటికి వెళ్లాను.

"గట్టిగ చెప్పుండ్రి సారూ," అన్నాడు. "ఈ నాలుగేండ్లు బాయిలర్ కాడ జేసిన. చెవులల్ల మోత తప్ప ఏం లేదు."

లెక్క అరిచి చెప్పాను. మొత్తం విన్నాడు. "గప్పుడు నేను జెప్పింది గదే గద. ఆ కాయితం మీద రాసింది కొట్టేసిండ్రా మరి?"

కొట్టెయ్యలేదని చెప్పాను.

తేడా చెదరకుండా ఒకేచోట నిలిస్తే ముందు కొలబద్దను అనుమానించాలి. ఇది నేర్చుకున్నాను. ఆ పత్రం యూనిట్ దస్త్రాలతో పాటు పోయింది, దిద్దే వీలు లేదు. యాదగిరికి నేను ఇంకా బాకీ ఉన్నది పద్నాలుగు సెంట్లు.